ఎనిమిది ముక్కలైన నవల

1975లో నన్ను తుగ్గలి నుంచి ఎమ్మిగనూరు శాఖా గ్రంథాలయానికి బదిలీ చేశారు. హోదా మూడో తరగతి గ్రంథపాలకుడు. తాళం తీయడం, పుస్తకాలు ఇవ్వడం, సాయంత్రం లెక్క సరిచూసుకోవడం అన్నీ ఒక్కడి పనే. నా చదువు ఎస్.ఎస్.ఎల్.సి.తో ఆగిపోయింది. పుస్తకాల వర్గీకరణ, దానికి కావలసిన లెక్కలు సొంతంగా నేర్చుకున్నవే. అందుకే కాబోలు, ఏ పుస్తకం చేతికొచ్చినా ముందు పేజీలెన్నో చూడటం అలవాటైంది.

ఆ గ్రంథాలయంలో అందరూ పేరు విన్న, ఎవరూ పూర్తిచేయని నవల ఒకటి ఉండేది. వెయ్యి ఇరవై నాలుగు పేజీలు. మూడు తరాల కుటుంబ కథ. ఒక్కో వాక్యం అరపేజీ దాకా సాగేది. ఒకే మనిషిని తమ్ముడు ఒక పేరుతో, కోడలు మరో పేరుతో, ఊరివాళ్ళు ఇంకో పేరుతో పిలుస్తారు. మొదటి వంద పేజీల్లో ఇంటి వర్ణన తప్ప ఏమీ జరగదు. ఎవరు ఎంతవరకు చదివారో ఎవరినీ అడగనక్కర్లేదు. పక్కనుంచి చూస్తే మొదటి నలభై పేజీల అంచులు చేతిమరకలతో మాసి ఉండేవి, తక్కినదంతా తెల్లగా ఉండేది.

చదవాలని తీసుకుపోయినవాళ్ళలో ఈరన్న అనే మగ్గం పనివాడు ఒకడు. భార్య నూలు కండెలు చుట్టి అందించేలోపు దొరికే కాస్త ఖాళీలో, మగ్గం దగ్గరే కూర్చుని చదివేవాడు. ఈ నవలను వారం తిరక్కుండానే తెచ్చిచ్చాడు.

"ఒళ్ళో పెట్టుకుంటే కాళ్ళు తిమ్మిరెక్కుతాండాయి సార్. ఎంత సదివినా అట్లే ఉంటాది, తరగదు," అన్నాడు.

ఆ మాట మీద నేను లెక్క వేశాను. అచ్చయిన పెద్ద కాగితాన్ని మడిస్తే పదహారు పేజీలు వస్తాయి. దాన్ని ఫారం అంటారు. ఫారాలన్నీ వరుసగా దారంతో కుడితే పుస్తకం. ఈ నవలలో అరవై నాలుగు ఫారాలున్నాయి. ఎనిమిదేసి ఫారాలు చొప్పున విడదీస్తే ఎనిమిది పలుచని పుస్తకాలవుతాయి. వెన్ను ఎటూ ఊడిపోయి ఉండటంతో, ఆ ఏటి బైండింగు పనుల్లో దాన్నీ చేర్చి ఆదోని తీసుకుపోయాను.

బైండరు మహబూబ్ సాహెబ్ దారాలు విప్పి చూసి, "ఫారం కాడ కోస్తే మాట సగంలో తెగుతాది సార్. అధ్యాయం సూసి కోద్దామా?" అని అడిగాడు. అలా కోస్తే ఒక భాగం లావుగా, ఒకటి సన్నగా వస్తుంది, ఫారం మధ్యలో చింపవలసి వస్తుంది. నేను సమంగానే కోయమన్నాను.

మొదటి భాగం ఒకరికిచ్చి, వాళ్ళు ముగించాక రెండోవాళ్ళకు ఇవ్వాలనేది నా ఏర్పాటు. అది మొదటి సాయంత్రమే తప్పింది. నవల పలుచని ముక్కలైందని విని ఎనిమిది మంది వచ్చారు, ఆగడానికి ఒక్కరూ ఒప్పుకోలేదు. ప్రభుత్వాసుపత్రిలో ఆయాగా పనిచేసే సుగుణమ్మ చెయ్యి చాచి, "ఐదోది ఇయ్యి సార్. టెంటు సినిమాకు సగంలో పోతాం గదా, అర్థం కాకుండా పాయనా?" అంది. అందరూ నవ్వి, చేతికి అందినది తీసుకుపోయారు. ఈరన్నకు నాలుగోది, దర్జీ కాసిం సాహెబ్‌కు ఆరోది వచ్చాయి.

లోపల మాట్లాడకూడదని నియమం గనుక వాళ్ళు వసారాలో కూర్చునేవాళ్ళు. మొదటి వారంలోనే విన్న మాటలు ఇవి.

"ఏం ఈరన్నా, నీ దాంట్లో ముసలాయన బతికే ఉండాడా?" అని కాసిం సాహెబ్.

"ఉండాడు. ఇల్లిడిసి పోయి తిరిగొచ్చిన పెద్దకొడుకును నిన్ననే తిట్టినాడు."

"నా దాంట్లో మొదట్లోనే పోయినాడు. కొడుకు కంట్లో నీళ్ళు రాలేదు. ఏం తిట్టినాడప్పా అంతగా?"

"అది నువ్వు సదువుకోవాల. ఆయన పోయేది నాకెందుకు సెప్పినావు?"

"అరే, ముసలోళ్ళు పోకుండా ఉంటారా?"

ఐదో భాగం ఒక స్త్రీ తలుపు తెరవడంతో ఆగిపోతుంది. వాక్యం మిగిలిన సగం ఆరోదానిలో ఉంది. సుగుణమ్మ ఆసుపత్రి నుంచి నేరుగా నా దగ్గరికి వచ్చి, తలుపు బయట ఎవరున్నారని అడిగింది. ఆరోది కాసిం దగ్గరుందన్నాను. ఆమె కుట్టు దుకాణానికి వెళ్ళింది. అతడు ఎవరికో చొక్కా కొలతలు తీస్తూనే "ఎవరూ లేరక్కా" అన్నాడట. ఆమె నమ్మక, కొలతలిస్తున్న మనిషిని ఆపి, కాసిం చేతనే ఆ పేజీ చదివించుకుని వచ్చింది.

ఏ పేరు ఎవరిదో నన్ను అడగడం మానేశారు. ఆ భాగం చదివినవాళ్ళను అడిగేవాళ్ళు. ఏడాది దాటేసరికి దాదాపు అందరూ అన్నీ చదివారు. ఈరన్నకు ఒక్క మూడోదే మిగిలింది. పెద్దకొడుకు ఇల్లు విడిచి ఎందుకు పోయాడో ఉన్నది దానిలోనే. అతడు అడగడు, ఇతరులు చెప్పరు.

అప్పుడు వార్షిక తనిఖీ వచ్చింది. ప్రతి గ్రంథానికి ఒక చేర్పు సంఖ్య ఉంటుంది, అలమరాలోని పుస్తకాలు ఆ సంఖ్యలతో సరిపోవాలి. తనిఖీ అధికారి ఒకే సంఖ్య వేసిన ఎనిమిది పుస్తకాలను బల్లమీద పేర్చమన్నారు. ఏడే ఉన్నాయి. మూడోది సుగుణమ్మ దగ్గరుంది.

"ఒక సంఖ్యకు ఒక గ్రంథం. ప్రతివాడూ ఇట్లా కోసుకుంటూ పోతే జిల్లాలో లెక్క ఎవరు తేల్చాలి?" అన్నారు. నెలాఖరులోగా ఒకటిగా కుట్టించాలని, రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వాలని ఆదేశించారు. రెండో తరగతి పదోన్నతికి నా పేరు అప్పటికి పరిశీలనలో ఉంది. నేను సంజాయిషీ రాశాను.

సుగుణమ్మ మూడోది గడువు చివరి రోజున తెచ్చింది. ఈరన్న అక్కడే ఉన్నాడు. ఆమె పుస్తకం నాకిస్తూ, "రాత్రి డ్యూటీలు పడినాయి ఈరన్నా, బిరీన సదవలేకపోతిని. పెద్దకొడుకు సంగతి నోటితో సెప్తా, విను," అంది.

"వద్దక్కా. నువ్వు సెప్తే రెండు మాటల్లో అయిపోతాది," అన్నాడు ఈరన్న.

మళ్ళీ కుట్టించాక తీసుకోవచ్చు కదా అన్నాను. అంత లావుది తన చేత కాదని, ఒకసారి చూసిందేనని చెప్పి వెళ్ళిపోయాడు. మరునాడు ఎనిమిదింటినీ ఆదోని బస్సులో పట్టుకుపోయాను.

మాసిన అంచులు కత్తిరించి కుట్టి వచ్చిన నవల తెల్లగా పై అరలో ఉండిపోయింది. వానాకాలమంతా ఎవరూ అడగలేదు. నవంబరులో, మగ్గాలకు నూలు అందక పని ఆగిన రోజుల్లో, ఈరన్న వచ్చి దాన్ని దించమన్నాడు. "మూడోది ఈడ యాడ మొదలయ్యేది సార్?" అన్నాడు. పేజీ తీసి చూపించాను. అక్కడ ఒక కండెపుల్ల పెట్టుకుని, పుస్తకం పైపంచెలో చుట్టుకుని పోయాడు.

గడువు పదిహేను రోజులు. అతడు గడువు పొడిగించమని రెండుసార్లు వచ్చాడు. నూటపాతిక చిల్లర పేజీలకు అంత కాలమెందుకని అడిగాను.

"మూడోది నాలుగు దినాల్లో అయిపాయ. పెద్దకొడుకు సంగతి తెలిసినాక, మల్లా మొదటి నుంచి సదువుతాండాను," అన్నాడు. "ఆ ఇల్లు గురించి రాసిందంతా ఊరికే రాసినాడనుకుంటి. పెద్దకొడుకు ఇల్లిడిసి పోయిన తలుపు, ఆయప్ప పడుకునే అరుగు అన్నీ ఆడనే ఉండాయి."

అతడు తిరిగి ఇచ్చినప్పుడు పక్కనుంచి చూశాను. మరకలు చివరి ఫారం దాకా ఉన్నాయి.

పదోన్నతి రెండేళ్ళు ఆలస్యమై, 1981లో రెండో తరగతి గ్రంథపాలకుడిగా ఆదోనికి వచ్చాను. అక్కడ మళ్ళీ ఏ పుస్తకాన్నీ కోయించలేదు. అధికారి చెప్పింది సబబే. కష్టమైన నవల అడిగినవాళ్ళకు మాత్రం మొదటి పేజీ చూపించలేదు. కథలో మనుషులు గట్టిగా తగవు పడే పేజీ ఒకటి ముందే చూసి ఉంచుకుని, అక్కడినుంచి చదవమనేవాడిని. ఆ పుస్తకాన్ని అప్పటికే చదివినవాళ్ళు ఊళ్ళో ఎవరున్నారో, ఏ వీధిలో ఉంటారో చెప్పేవాడిని. కొందరు మధ్యలోనే తిరిగి ఇచ్చేశారు. తక్కినవాళ్ళు మొదటి పేజీకి వాళ్ళంతట వాళ్ళే వచ్చారు.