సీటొచ్చాక మిగిలిన పరీక్ష

మొన్న శనివారం కాపెల్‌లో మా మరిది ఇంట్లో వాళ్ళమ్మాయికి మెడికల్ కాలేజీలో సీటొచ్చిందని విందు చేశారు. ప్లేటు పట్టుకొచ్చి నా పక్కన కూర్చున్న ఆ పిల్ల, ఈ చివరి సెమిస్టర్ గ్రేడ్లు ఇంకెవరు చూస్తారు పెద్దమ్మా అని నవ్వింది. నా ప్లేటు పక్కన పెట్టేశాను. ముప్పై ఏళ్ళ క్రితం, అమ్మావాళ్ళుండే ఊరు ట్రాయ్‌లో, ఆ మాట అన్నది నేనే.

నేనూ, మా పక్కింటి ఆంటీ వాళ్ళమ్మాయీ ఒకటే కాలేజీలో డిగ్రీ, మెడికల్ సీట్లు కూడా ఒకే వారంలో వచ్చాయి. అప్పట్లో ఈ దేశంలో మన తెలుగువాళ్ళ ఇళ్ళు ఎన్నని, మీకూ గుర్తుండే ఉంటుంది, ఎవరికి మంచి జరిగినా ప్రతి ఇంటివాళ్ళూ వంతులవారీగా భోజనానికి పిలిచేవారు, వెళ్ళకపోతే పిల్లకి పొగరనుకునేవారు. అలా ఆ వసంతమంతా శుక్రవారం ఇంటికి రావడం, గుత్తివంకాయ తిని, డాక్టరమ్మలూ అని పిలిపించుకుని మురిసిపోవడం, ఆదివారం సాయంత్రం రెండు గంటలు డ్రైవ్ చేసుకుని కాలేజీకి వెళ్ళడం. కారు నాది. తనకి డ్రైవింగ్ రాదు.

చివరి ఆదివారమూ ఒకరింట్లో విందే. మర్నాడు తొమ్మిదింటికి తనకి కెమిస్ట్రీ ఫైనల్, నాకేమో ఆ రోజు పరీక్ష లేదు. సాయంత్రమే వెళ్దామని తను బతిమాలితే, సీటొచ్చాక గ్రేడ్లు ఎవరు చూస్తారు, పొద్దున్నే ఆరింటికి బయల్దేరదాంలే అన్నాను. ఆరింటికి, వాళ్ళింట్లో ఇంకా ఎవరూ లేవకముందే, తను బ్యాగుతో మా గుమ్మంలో ఉంది, నేను నిద్రలో ఉన్నాను. "పరీక్షుంది ఆంటీ" అన్నదట మా అమ్మతో. "సీటొచ్చేసిందిగా తల్లీ, ఇంకేం పరీక్షలు? దాన్ని కాసేపు పడుకోనీ, నువ్వు కాఫీ తాగు" అన్నదట అమ్మ. పెద్దవాళ్ళకి ఎదురు చెప్పలేని పిల్ల, సరేనని సోఫాలో కూర్చుంది. నేను లేచేసరికి ఎనిమిదిన్నర దాటింది.

మేము చేరేసరికి పరీక్ష అయిపోయింది. మళ్ళీ రాయనివ్వలేదు, ఆ సబ్జెక్టు పోయింది, దాంతో డిగ్రీ ఆగింది, డిగ్రీ లేనిదే ఇక్కడ మెడిసిన్‌లో చేర్చుకోరు, నెల తిరక్కుండా మెడికల్ కాలేజీ వాళ్ళు సీటు వెనక్కి తీసుకుంటున్నామని ఉత్తరం రాశారు. వాళ్ళమ్మ నిలదీస్తే, నేనే నిద్రపోయానమ్మా అని చెప్పింది తను. పక్కనే ఉన్నాను. నోరు విప్పలేదు, భయపడ్డాను, అంతకుమించి కారణమేమీ లేదు. తర్వాత తను హైస్కూల్లో కెమిస్ట్రీ టీచరయింది. ఆ పొద్దుటి మాట ఈనాటికీ నా దగ్గర ఎత్తలేదు. ఎత్తి తిట్టి ఉంటే బాగుండేదని ఎన్నోసార్లు అనుకున్నాను.

ఆ ఇళ్ళు చాలావరకు చేతులు మారాయి. వండి వడ్డించిన ఆంటీల్లో సగం మంది లేరు. ఇప్పటి విందులకి క్యాటరింగ్ వాళ్ళొస్తున్నారు, ఎవరూ ఎవరినీ ఉండిపొమ్మని బలవంతం చెయ్యడం లేదు. మరిది కూతురికి మాత్రం చివరి రోజుదాకా చదవమని గట్టిగా చెప్పాను. ఎందుకో చెప్పలేకపోయాను.

పక్కింటి ఆంటీకి ఇప్పుడు ఎనభై దగ్గరపడ్డాయి. బీపీ మాత్రల గురించి అడగడానికి నెలకోసారి నాకే ఫోన్ చేస్తారు. "నీకున్న బాధ్యతలో సగముంటే మా అమ్మాయీ నీలా డాక్టరయ్యేదమ్మా" అంటారు ప్రతిసారీ. మాత్ర ఉదయం వేసుకోమని మళ్ళీ చెప్పి, ఫోన్ పెట్టేస్తాను.