వాయిదాల మీద తెచ్చిన మిషను

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తల్లో మేము మార్కాపురంలో కాపురం పెట్టాము. మా ఆయన పలకల వ్యాపారి దగ్గర గుమాస్తా. నాకు ఇంకా ఇరవై ఏళ్లు నిండలేదు. అప్పుడప్పుడే ఊళ్లో కుట్టుమిషన్లు, సైకిళ్లు వాయిదాల మీద ఇస్తున్నారు. ముందు కొంచెం కట్టి వస్తువు ఇంటికి తెచ్చుకోవచ్చు, మిగతాది నెలనెలా కట్టాలి. పుట్టింట్లో కుట్టు నేర్చుకున్నాను కనుక మిషను తెచ్చాము. కొన్నాళ్లకే ఆయన సైకిలు కూడా తెచ్చారు.

"నా జీతం ఉండె, నీ కుట్టుకూలి ఉండె. ఇంక భయమేంది?" అన్నారు.

మరుసటి ఏడు వానలు లేవు. పల్లెల వాళ్లు కొత్త గుడ్డలు కొనడం మానేశారు. కుట్టించుకున్నవాళ్లు కూడా "పంట వచ్చినాక ఇస్తాలే అక్కా" అని వెళ్లిపోయేవారు. గట్టిగా అడగడానికి నాకు నోరు రాలేదు. సైకిలు వాయిదా కోసం బజారులో శెట్టిగారి దగ్గర అప్పు తెచ్చాము. ఆ వడ్డీ కట్టడానికి నా కమ్మలు తాకట్టు పెట్టాము. మిషను వాయిదాలు నిలిచిపోయాయి. జీతం చేతికొచ్చిన రోజు కూడా ఇంట్లో సంతోషం ఉండేది కాదు.

ఒక మధ్యాహ్నం మిషన్ల దుకాణం మనిషి బండి కట్టించుకుని వచ్చాడు. నేను పక్కింటి పిల్ల పెళ్లి రవికె కుడుతున్నాను.

"ఏం చేసేదమ్మా, మిషను తెమ్మని నన్ను పంపినారు."

"ఇన్నాళ్లు కట్టినామే అన్నా, అదంతా ఏమైనట్టు?"

"అది అద్దె కింద పోయినట్టేనమ్మా. కాగితంలో అట్లనే ఉంది. మీ ఆయన సంతకం పెట్టినాడు గదా."

పోట్లాడే ఓపిక నాకు లేదు. "ఈ చెయ్యి ఒక్కటి కుట్టనియ్యి, తర్వాత ఎత్తుకపోదువు" అన్నాను.

అతను అరుగు మీద కూర్చున్నాడు. మజ్జిగ ఇస్తే తాగాడు. నేను రవికె చెయ్యి అతికించి, దారం తెంపి లేచాను. అతనూ బండివాడూ కలిసి మిషనును మోసుకుపోయారు.

"బాధపడకమ్మా, ఇట్ల శానా ఇండ్లకు పోయినా" అన్నాడు పోతూ పోతూ. ఓదార్పనుకున్నాడేమో.

సాయంత్రం ఆయన వచ్చి ఖాళీ మూల చూశారు. కాళ్లు కడుక్కుని వచ్చి, "సైకిలు నేనే తిరిగి ఇచ్చేస్తా" అన్నారు.

"ఇచ్చేయండి."

శెట్టిగారి అప్పు మాత్రం మిగిలింది. నేను బజారు దర్జీ దగ్గర చొక్కాలు తెచ్చుకుని, కాజాలు కుట్టి గుండీలు వేసి ఇచ్చేదాన్ని. కమ్మలు విడిపించుకోలేకపోయాము. అప్పు తీరేసరికి మాకు ఇద్దరు పిల్లలు. తీరిపోయిందని ఆయన చెప్పినప్పుడు ఏదైనా పాయసం వండాలనుకున్నాను. ఓపిక లేకపోయింది. ఉన్న సంగటే తిని పెందలాడే పడుకున్నాము.