ఇంద్రాణి అడిగిన వరస

కంబదూరు చుట్టుపక్కల ఏ ఇంట్లో పెండ్లి కుదిరినా ముహూర్తం పెట్టే అయ్యవారి తర్వాత ఆ కబురు ముందుగా తెలిసేది ఇంద్రాణికే. పెండ్లికూతురి జాకెట్లు ఆమే కుట్టాలి. చెయ్యి ఎంత మంచిదో నోరు అంత చెడ్డది. కుట్టుకు వంక పెట్టిన మనిషి ఎదుటే కుట్లన్నీ విప్పేసి, గుడ్డ చేతిలో పెట్టి పంపిన రోజులున్నాయి. అలాంటి మనిషితో పెట్టుకోకూడదని, టౌనులో పిల్లలు లేనివాళ్ళకు వైద్యం చేసే డాక్టరు శ్రీరంగప్పకు ఎవరూ చెప్పలేదు, పాపం.

ముప్పై దాటగానే ఇంద్రాణికి పొద్దు గూకితే చూపు ఆనడం మానేసింది. పెద్దాసుపత్రిలో చూసి, ఇది వంశంలో వచ్చే జబ్బన్నారు. తల్లి వైపు ఎవరికీ లేదు. నాయన ఆంజనేయులు పోయేదాకా చీకట్లో లాంతరు లేకుండా చేనికి పోయివచ్చిన మనిషి. ఇంద్రాణి ఆ మాటే గట్టిగా చెప్పింది. బయటికొచ్చాక తల్లి బస్టాండులో కూలబడి అసలు సంగతి కక్కింది. ఆంజనేయులికి పిల్లలు పుట్టరని తేలితే, శ్రీరంగప్ప ఇంకెవరిదో వీర్యం ఎక్కించాడట. ఎవరిదని వీళ్ళు అడగలేదు, ఆయన చెప్పలేదు. పోయిన నాయన మీద ఇంద్రాణికి ప్రేమ వీసమెత్తు తగ్గలేదు. కానీ తన కంట్లో చీకటి పెట్టిన నెత్తురు ఎవరిదో, అది తన కొడుక్కి కూడా వస్తుందో రాదో తెలియాలి కదా.

వెళ్ళి అడిగింది. మర్యాదగానే అడిగింది. శ్రీరంగప్ప తల కూడా ఎత్తలేదు.

"పుట్టించినాను కదమ్మా, ఇంకేం కావల్ల నీకు? దండం పెట్టి పో," అన్నాడు, వరండాలోని ఆడవాళ్ళందరికీ వినపడేలా.

ఇంద్రాణి అరవలేదు, ఏడవలేదు, దండమూ పెట్టలేదు. ఊరికే లేచి వచ్చేసింది. ఆయన భయపడాల్సింది అప్పుడే.

ఆ నెలలోనే శ్రీరంగప్ప ఒక్కగానొక్క కొడుకు రాఘవేంద్రకు సంబంధం కుదిరింది. భూములూ పలుకుబడీ ఉన్న ఇల్లు. కొలతలకు పిల్లను తల్లి ఇంద్రాణి దగ్గరికే తీసుకొచ్చింది. పిల్ల ఎక్కడ పుట్టిందని అడిగితే, ఆ డాక్టరు సారు చేతి చలవేనని తల్లి మురిసిపోయింది. ఇంద్రాణి పిల్ల నడుముకు టేపు చుట్టి, తీరిగ్గా అంది.

"వరస ఇచారించినారా అక్కా? నన్ను గూడా ఆయప్పే పుట్టించినాడు. ఎవురి నెత్తురని అడిగితే చెప్పల్యా. ఈ బిడ్డది ఎవురిదో మీకన్నా చెప్పినాడా?"

తల్లి మొహంలో నెత్తుటి చుక్క లేదు. పెండ్లి మాట వస్తే వేళ్ళు మడిచి వావి వరసలు లెక్కపెట్టే సీమ ఇది. ఆ నెత్తురు డాక్టరుదే అయి, అన్నాచెల్లెళ్ళకు ముడి పెట్టారన్న మాట పుడితే ఊళ్ళో తలెత్తుకోగలరా? వారంలో సంబంధం తప్పిపోయింది. ఆ పూట ఇంద్రాణి కడుపునిండా తిన్నది.

రెండోదీ అంతే, మూడోదీ అంతే; ఆ పిల్లలూ ఆయన చేతి చలవే. ఆమె ఒక్క అబద్ధం ఆడలేదు, అడిగిందల్లా వరసే. ఆ పిల్లోడు చేసిన తప్పేముందని తన తల్లి అడిగితే, నేను చేసిన తప్పేముందని ఇంద్రాణి అడిగింది. శ్రీరంగప్ప మాత్రం తేలు కుట్టిన దొంగలా ఇంకో సంబంధం వెతుక్కున్నాడు.

చివరికి ఆయన భార్య రామలక్ష్మమ్మ మొగుణ్ణి వెంటబెట్టుకొని ఇంద్రాణి కుట్టు అంగడికి వచ్చింది. పాపం ఆమెకు ఏమీ తెలియదు. మా పిల్లోడి ఉసురు ఎందుకు పోసుకుంటున్నావని అడిగింది. ఇంద్రాణి తన పుట్టుక సంగతీ కళ్ళ సంగతీ చెప్పింది. వింటూ వింటూ రామలక్ష్మమ్మ మొహం మారిపోయింది.

"మా అత్తకు గూడా అంతే," అంది మెల్లగా. "పొద్దు గూకితే గోడ పట్టుకొని నడుస్తాండె."

ఆమె మొగుడి వైపు తిరిగింది. ఆయన తల దించుకున్నాడు. ఆ రోజు వేరే ఎవరూ దొరకలేదని గొణిగాడు. ఆ రోజు ఒక్కటేనా అని భార్య అడిగితే, లెక్క పెట్టుకోలేదన్నాడు. కసితో అన్న మాట నిజమయ్యేసరికి ఇంద్రాణికి కోపం రెండింతలైంది.

తప్పయింది, కొడుకు పెండ్లి కానీయమని శ్రీరంగప్ప బతిమాలాడు.

"కానీ సార్. ఆడబిడ్డ చీర మాత్రం నాకు పెట్టల్ల. పందిట్లో, అందరి ముందర."

ఆయన నోరు తెరిచేలోపే రామలక్ష్మమ్మ సరేనంది.

డాక్టరు వైద్యం ఎరగని ఊరు చూసి, పావగడ అవతలి సంబంధం తెచ్చారు. పందిట్లో ఆడబిడ్డను పిలవమని అయ్యవారు అనగానే ఇంద్రాణి లేచి వచ్చింది. రామలక్ష్మమ్మ చీర పళ్ళెం పట్టుకొని నిలబడింది. డాక్టరుకు కూతుళ్ళు లేరన్నారే, ఈమె ఎవరని పెండ్లికూతురి నాయన అడిగాడు. ఇంద్రాణి శ్రీరంగప్ప వైపు చూసింది. ఆయన చలవతో పిల్లల్ని కన్న తల్లులూ అటే చూశారు.

"నా బిడ్డే," అన్నాడాయన, పెదవులు కదిలీ కదలకుండా.

"గట్టిగా చెప్పు సార్," అంది ఇంద్రాణి. "ఆ వెనక కూచున్నోళ్ళకు గూడా బిడ్డలుండారు."