ఎర్ర చుక్క

పురానాపూల్ దగ్గర మూసీ ఒడ్డున పశువులకు గడ్డి పెంచే అవ్వ ఆమె. ఆ గడ్డి ఎంత నీరు తాగుతోందో డ్రోన్‌తో కొలవడం నా పని. డ్రోన్ లేవగానే ఆమె కొడవలి కింద పెట్టి, కొంగు సర్దుకుని, తల పైకెత్తి కదలకుండా నిలబడేది.

"మంచిగ వచ్చిన్నా, బిడ్డా?"

"మస్తు వచ్చినవ్, అవ్వా."

వేడిని పట్టే ఆ చిత్రాల్లో గడ్డి నీలంగా ఉండేది, ఆమె ఎర్ర చుక్కలా ఉండేది. ఆ చుక్క ఉంటే నీటి లెక్క చెడిపోతుంది. ఆఫీసుకు వెళ్లగానే ముందు ఆమెనే చెరిపేసేవాణ్ణి.

చివరి రోజు తన ఫోటో చూపించమంది. ఫోన్‌లో చెరిపిన పటమే ఉంది. అదే చూపించాను. కాసేపు వెతికి, నీలం మీద వేలు ఆనించి, "గిది నేనే గద?" అంది.

సరిగ్గా నేను చెరిపిన చోటే.

"నువ్వే అవ్వా," అన్నాను.