డైమండు గీసి పంపిన గంగాళం

మదనపల్లెలో కంప్యూటర్‌ను చూడాలంటే చెప్పులు విడిచి లోపలికి వెళ్లాల్సిన రోజులవి. ఎనభయ్యో దశకం చివర్లో ఒక సైకిల్ అంగడి పైమేడలో కంప్యూటర్ శిక్షణ కేంద్రం వెలిసింది. ఊళ్లో ఏ పెద్దమనిషి ఇంట్లోనూ లేని ఏసీ గదిలో, తెల్లగుడ్డ కప్పుకుని, కంప్యూటర్ గారు ఎప్పుడూ విశ్రాంతి తీసుకుంటూ ఉండేవారు. వారికి దుమ్ము పడదని, మా ఊపిరి అసలే పడదని, మాకు చదువంతా నల్లబల్ల మీదే చెప్పారు. డిగ్రీ పాసై, ఉద్యోగం రాక, ఏ పెళ్లిసంబంధం వాళ్ల కంటికీ ఆనక తిరుగుతున్న నాబోటి వాళ్లకు ఆ గది అద్దంలోంచి వారి దర్శనం దొరకడమే మహాభాగ్యం.

మా సార్ వారానికి రెండు రోజులు బెంగుళూరు నుంచి బస్సులో వచ్చేవాడు. మేం ఆయన్ని డైమండు సార్ అనేవాళ్లం. ఆయన దృష్టిలో లోకమంతా మూడే ఆకారాలు. మనిషైనా వస్తువైనా ఒక డబ్బా, దాన్ని ఎంటిటీ అనాలి. రెండు డబ్బాల మధ్య సంబంధం ఉంటే అక్కడొక డైమండు గీయాలి. పేరు, రంగు, బరువు లాంటి గుణాలన్నీ డబ్బా చుట్టూ వేలాడే కోడిగుడ్లు. ఏ గుణంతో ఒకదాన్ని ఇంకోదానితో పొరబడకుండా గుర్తుపట్టగలమో దాని కింద గీత గీస్తే అది 'కీ'. "ముందు పటం, తరవాతే డేటాబేస్. పటం కరెక్టుగా ఉంటే ప్రపంచం కరెక్టుగా ఉంటుంది" అనేవాడు సార్. నేను నమ్మేశాను. ఆ వయసులో నమ్మడానికి నాకు వేరే ఏమీ దొరకలేదు.

కోర్సు చివర్లో, నిజంగా నడుస్తున్న వ్యాపారాన్ని ఒకదాన్ని చూసి పటం గీసుకు రమ్మన్నాడు. అందరికంటే బాగా గీసినవాడికి కుప్పంలో తెరవబోయే శాఖలో మాస్టరు ఉద్యోగం. గీయలేకపోతే నా గతేమిటో ఇంట్లో ముందే తేలిపోయింది. పుంగనూరులో మా మేనమామకు పెళ్లిళ్లకు వంటపాత్రలు అద్దెకిచ్చే అంగడి ఉండేది. ఆయనకు కొడుకుల్లేరు, నాకు పని లేదు. ఈ రెంటి మధ్య మా అమ్మ ఎప్పుడో ఒక డైమండు గీసి పెట్టుకుంది. జన్మంతా మాడిన డేగిసాల మధ్య కూర్చోకూడదంటే పటం బ్రహ్మాండంగా రావాలి. అందుకని అదే అంగడిని గీసి, అదే అంగడి నుంచి తప్పించుకుందామని పుంగనూరు బస్సెక్కాను. (తెలివితేటలకు అప్పట్లో కొదవ ఉండేది కాదు.)

"ఏంరా అల్లుడా, నీ సదువంతా ఈ గీతలేనా? అసలు కంప్యూటర్ యాడన్నా ఉండాదా, మిమ్మల్ని మోసం జేస్తాండారా?" అని మామ నా కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని పరిశీలించాడు. ఆయన ఏ పాత్ర ఎవరింటికి పోయిందో, ఎవరింటినుంచి సొట్టతో వచ్చిందో అన్నీ మనసులోనే పెట్టుకునేవాడు. ఇంత వెనకబడిన పద్ధతిలో వ్యాపారం చేస్తున్నందుకు ఆయన మీద నాకు జాలేసింది.

మా వైపు పెళ్లిలో పెట్టే ప్రతి పాత్ర మీదా పెట్టినవాళ్ల పేరూ, పుచ్చుకున్నవాళ్ల పేరూ, ఊరుతో సహా చుక్కలు చుక్కలుగా చెక్కిస్తారు. మామ అంగట్లో పాత్రలన్నిటి మీదా అలాంటి పేర్లున్నాయి. అవి చూసి నాకు ఒళ్లు పులకరించింది. సార్ చెప్పిన కీ ఇదే కదా! పాత్ర ఒక డబ్బా, యజమాని ఒక డబ్బా, మధ్యలో 'చెందును' అని డైమండు. పాత్ర మీద పుచ్చుకున్నవాళ్లుగా ఎవరి పేరుంటే వాళ్లే యజమాని. ఎంత అందంగా కుదిరిందో చూసుకుని నేనే మురిసిపోయాను.

మర్నాడు మామ చిత్తూరు పోతూ, "పెండ్లికి పోయిన సామాను తిరిగొచ్చుండాది. మనవి గానివి కలిసొచ్చింటే ఎవురివో సూసి పంపించెయ్" అని చెప్పాడు. నా పటం ప్రకారం చూస్తే, అంగట్లో మామ పేరున్నవి ఒక జల్లిగరిటె, ఒక చిల్లు బకెట్టు. మిగిలినవన్నీ పరాయి సొత్తే! ఇన్నేళ్లుగా మామ చేస్తున్న అన్యాయానికి నా గుండె చెరువైంది. అన్నిటికంటే పెద్ద తప్పును ముందు దిద్దుదామని అన్నిటికంటే పెద్ద ఇత్తడి గంగాళాన్ని బయటికి లాగాను. దాని మీద శాంతిపురంలోని ఒక తల్లి, కుప్పంలో కాపురమున్న తన కూతురికి పెట్టినట్టు స్పష్టంగా ఉంది. అంగడి ముందు కూర్చుని పాత్రలకు కళాయి పోసే భాయ్ నావైపు విచిత్రంగా చూశాడు.

"మామ వచ్చినంక పంపిస్తే కాదా, అబ్బయ్యా?"

"పటంలో ఇలాగే ఉంది భాయ్."

"పటంలో ఉందా! అట్లయితే మనమేం అంటాం, సాబ్" అని ఆయన కొలిమి ఊదుకున్నాడు.

గంగాళాన్ని బస్సు టాపు మీద కట్టించి, పలమనేరులో బస్సు మారి, మధ్యాహ్నానికి కుప్పం చేరాను. ఇల్లు వెతికి, వీధంతా వినబడేలా పిలిచాను. "అమ్మా, మీ గంగాళం! పుంగనూరులో పాత్రల అంగట్లో ఉంటే తెచ్చినాను." తలుపు తీసిన పెద్దావిడ మొహంలో సంతోషం లేదు సరికదా, నెత్తురుచుక్క కూడా లేదు. "ఎవురప్పా నువ్వు? యాల తెచ్చినావు దీన్ని?" అంది గొంతు తగ్గించి. ఈలోగా గంగాళం మీద పేరున్న కోడలు బయటికొచ్చింది. గంగాళం పక్కన కూలబడి, ఆ అక్షరాల మీద చెయ్యి పెట్టి, వాకిట్లో మూగిన ఆడవాళ్లను చూసి గట్టిగా చెప్పింది. "సూడండమ్మా. మా యన్న ఎత్తకపోయినాడని గదా ఇన్నాళ్లూ అన్నారు! దీనికోసమే గదా నన్ను మా యమ్మ కాడికి పంపించకుండా పెట్టినారు! పుంగనూరులో ఉండాదంట, ఈ అబ్బాయి చెప్తాండాడు, వినండి."

సంగతేమిటంటే, ఇరుకున పడ్డ సంసారాలు పెళ్లిపాత్రలను సొంత ఊళ్లో అమ్మవు, పరువు పోతుంది. కుప్పం వాళ్లు పుంగనూరులో అమ్ముతారు, పుంగనూరు వాళ్లు మదనపల్లె వెళతారు. అత్తగారు గంగాళాన్ని గుట్టుగా మా మామకే అమ్మి, నింద కోడలి పుట్టింటి మీద వేసింది. అమ్మినవాళ్ల పేరు మామ ఎవరికీ చెప్పడు. ఆయన వ్యాపారమంతా ఆ మూసిన నోటి మీదే నడిచేది. ఇదంతా నా పటంలో ఏ కోడిగుడ్డులోనూ లేదు.

భాయ్ చెప్పగా విని మామ మర్నాడే కుప్పం పరిగెత్తుకొచ్చాడు. (నేను రాత్రి రైలు స్టేషన్లో పడుకుని, తిరిగెళ్లే ధైర్యం చాలక అక్కడే తచ్చాడుతున్నాను.) నన్ను రెక్క పట్టుకుని ఆ ఇంటికి లాక్కెళ్లాడు. డబ్బిచ్చి కొన్నానని మామ ఎంత చెప్పినా కోడలు గంగాళాన్ని వదల్లేదు. "నువ్వు కొన్నింటే ఎవురి కాడ కొన్నావో చెప్పప్పా, ఇచ్చేస్తా" అంది. ఆమె వెనక తలుపు పట్టుకుని అత్తగారు నిలబడింది. మామ ఆవిడవైపు ఒకసారి చూశాడు. చెబితే గంగాళం వస్తుంది. ఆవిడ మళ్లీ వీధిలో తలెత్తుకోలేదు, మామకు మళ్లీ ఎవరూ నమ్మి పాత్ర అమ్మరు. "ఎవురో తెచ్చిచ్చినారు తల్లీ, నాకు గురుతు లేదు. నీది నీ కాడికొచ్చింది, ఉండనీ" అని మామ వట్టి చేతులతో వెనుదిరిగాడు.

ఆ మర్యాదంతా బస్టాండు దాకానే. అక్కడ నా వీపు మీద ఆయన గీసిన డైమండ్లు వారం దాకా మానలేదు. అంగడి గడప తొక్కితే కాళ్లు విరుస్తానని కూడా చెప్పాడు.

పటాన్ని ఒక్క గీత మార్చకుండా సార్‌కు ఇచ్చాను. మార్చాలంటే ఏం మార్చాలో నాకు తెలిస్తే కదా. ఆయన కళ్లజోడు సవరించుకుని, "చాలా శుభ్రంగా ఉంది. ఒక పాత్రకు ఒకే యజమాని. వెరీ గుడ్" అని కుప్పం ఉద్యోగం నాకే ఇచ్చాడు. ఒక అంగడిని ఖాళీ చేయించగల పటానికి అంతకంటే పెద్ద బహుమతి ఏముంటుంది!

కుప్పంలో నన్ను మాస్టారూ అని పిలిచిన పిల్లలు చాలామందే ఉన్నారు. ఒకరోజు శాంతిపురం బస్సు కిటికీలోంచి "గంగాళం అన్నా! మా యమ్మ కాడికి పోతాండాను!" అని ఎవరో కేక పెట్టారు. తలెత్తి చూస్తే ఆ కోడలు, చంటిబిడ్డ చేతిని పట్టుకుని నాకు ఊపుతోంది. తరవాత ఎన్నో సంస్థలకు తప్పుల్లేని పటాలు గీశాను. వాటిని చూసి ఎవరూ బస్సులోంచి చెయ్యి ఊపలేదు.