కుంటివాడి సినిమా, కొట్టువాడి సినిమా

యుద్ధకాలంలో, నార్వే జర్మన్ల చేతిలో ఉన్నప్పుడు, మా దీవి నుంచి ఇంగ్లండుకు పారిపోతున్న పడవను ఎవరో జర్మన్లకు పట్టిచ్చారు. అందులో వెళ్లినవాళ్లు తిరిగి రాలేదు. పట్టిచ్చిందెవరో ఎన్నటికీ తేలలేదు.

యుద్ధమైన కొన్నేళ్లకు ఆ కథను సినిమాగా తీశారు. వచ్చినవాళ్లు మా దీవిలో ఉన్న ఒకే ఒక కొట్టు మేడమీద దిగారు. ఆ కొట్టు మా బడిలో చదివే ఇంగ్వాల్ తండ్రిది. ఆయన చెప్పిందే కథైంది. తెరమీది ద్రోహి రేవులో మూటలు మోసే కుంటివాడు. మా రేవులో కుంటివాడు ఒక్కడే, మా బడిలోనే చదివే బోర్గిల్డ్ అనే పిల్ల తండ్రి ఆస్లాక్.

సినిమా నార్వే అంతా ఆడింది. ఆస్లాక్‌ను మళ్లీ ఎవరూ పనికి పిలవలేదు. బడి పిల్లలు బోర్గిల్డ్ వెనక కుంటుతూ నడిచేవారు. అందరికన్నా బాగా కుంటినవాడు ఇంగ్వాల్. ఆస్లాక్ పోయినప్పుడు శవపెట్టె మోయడానికి మనుషులు చాలక కూతురే భుజం పట్టింది.

ఆమె తల నెరిశాక అదే సినిమాను రంగుల్లో మళ్లీ తీస్తామని కొత్తవాళ్లు వచ్చారు. ఈసారి బోర్గిల్డ్ తన ఇంట్లో గది ఇచ్చింది, చేపల పులుసు వండిపెట్టింది, కథ చెప్పింది. కొత్త సినిమాలో కుంటివాడు నిర్దోషి. కళ్లజోడు తాడుతో మెడలో వేలాడేసుకునే కొట్టువాడు ద్రోహి. ఇంగ్వాల్ తండ్రి కళ్లజోడు అలాగే ఉండేది.

ఊరి హాల్లో ఆట అయ్యాక కాఫీల దగ్గర పోలికలు మొదలయ్యాయి. పాతదాంట్లో సముద్రం భయపెట్టేదని కొందరు, కొత్తదాంట్లో మనుషులు నమ్మేలా ఉన్నారని కొందరు అన్నారు. ఇంగ్వాల్ నేరుగా నేనూ బోర్గిల్డూ కూర్చున్న బల్ల దగ్గరికొచ్చాడు.

"మా నాన్నే ఆ పని చేశాడని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు," అంది బోర్గిల్డ్. "మీ నాన్నకు మాత్రం ఎవరు చెప్పారు?"

"పాత సినిమానే నయం."

"నీకు నయమే. ఇన్నేళ్లూ నువ్వు చూశావుగా, ఇక నన్ను చూడనీ."

ఆ చలికాలం కొట్టుకు జనం తగ్గారు. దాన్ని నడిపే ఇంగ్వాల్ కూతురు చివరికి తలుపులు మూసి, తండ్రిని తీసుకుని బెర్గెన్ నగరానికి వెళ్లిపోయింది. వాళ్ల సామాను లాంచీలోకి ఎక్కుతుంటే బోర్గిల్డ్ రేవులో నిలబడి చూసింది. పక్కనే ఉన్న నేను ఉండబట్టలేక అడిగాను.

"ఆ పిల్లేం చేసింది, బోర్గిల్డ్?"

"అప్పుడు నేనేం చేశాను?"

లాంచీ కనుమరుగయ్యేదాకా ఆమె కదల్లేదు.

ఇప్పుడు మా దీవిలో కొట్టు లేదు. కాఫీపొడి కావాలన్నా అవతలి ఒడ్డుకు వెళ్లాల్సిందే. బోర్గిల్డ్ కూడా సంచి పట్టుకుని వెళ్తుంది. వానైనా, గాలైనా, ఆమె విసుక్కోగా నేను వినలేదు.