అమ్మ ఊపిరి పీల్చుకున్న కొండలు

మొన్న డిసెంబరులో ఒక పొద్దున నందిగామ నుంచి విజయవాడ వెళ్తుంటే, కీసర దగ్గర మా బస్సు బాగా నెమ్మదించింది. మునేరు మీద మంచు దిగి ఉంది. కింద ఏరు లేదు, పక్కన పొలాలు లేవు, ముందు పోతున్న లారీల ఎర్రదీపాలు మాత్రం పత్తిలో పెట్టినట్టు మసగ్గా కనబడుతున్నాయి. నా పక్కన కూర్చున్న కాలేజీ అమ్మాయి కిటికీ అద్దం జరిపి, ఫోను బయటికి పెట్టి వీడియో తీసుకుంటూ, "అచ్చం అరకులా ఉంది కదా ఆంటీ!" అంది. కిందటి నెలే స్నేహితులతో వెళ్లొచ్చిందట. రెండు రోజులట. బోలెడు ఫొటోలట. "మీరెప్పుడైనా వెళ్లారా అండీ?" అని అడిగింది. "వెళ్లానమ్మా, చిన్నప్పుడు" అన్నాను. ఇంకేమైనా చెబుతాననుకుని కాసేపు నా మొహంలోకి చూసి, మళ్లీ తన ఫోనులో పడిపోయింది. నాకు మాత్రం విజయవాడ బస్టాండు వచ్చేదాకా కళ్లముందు ఆ కొండలే.

మా నాన్న జగ్గయ్యపేటలో హైస్కూలు మాస్టారు. అమ్మది చందర్లపాడు. అమ్మమ్మ కూలికి వెళ్లిన మిరప చేలల్లోనే గట్టు మీద ఆడుకుంటూ, తర్వాత తనూ కాయలు కోస్తూ పెరిగింది. పెళ్లయి పేటకొచ్చాక చేలు తప్పాయిగానీ దుమ్ము తప్పలేదు. చుట్టూ సున్నపురాయి గనులు, సిమెంటు లారీలు. మేం అద్దెకున్న ఇంటి వాకిలి నిండా నాపరాళ్లు పరిచి ఉండేవి. ఎండాకాలం సాయంత్రం వాటిమీద నీళ్లు చల్లితే సెగ పైకి లేచి మొహానికి కొట్టేది. అమ్మకు ఉబ్బసం. మార్చి వచ్చిందంటే, ఎక్కడ కళ్లాల్లో మిరపకాయలు ఆరబోసినా ఆ ఘాటు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చినట్టే ఉండేది. అమ్మ మంచం మీద దిండ్లు ఎత్తు పెట్టుకుని, ముందుకు వంగి కూర్చుని, ఒక్కో ఊపిరిని చేదబావిలోంచి తోడుకున్నట్టు తోడుకునేది. నేనూ తమ్ముడూ పక్కగదిలో ఆ చప్పుడు వింటూ పడుకునేవాళ్లం. చప్పుడు ఆగితే భయం, ఆగకపోతే ఏడుపు.

నాన్నకు ఒక అక్క ఉండేది. పెళ్లి చేసుకోలేదు. నర్సు. అరకు దాటాక ఇంకా లోపలికి, బస్సు దిగి కొంత నడిస్తే వచ్చే ఒక చిన్న ఊళ్లోని ఆసుపత్రిలో పనిచేసేది. మా తమ్ముడు పుట్టిన మరుసటి వేసవిలో అమ్మ పరిస్థితి చూసి, "ఒరే, నాలుగు రోజులు మా కొండల మీదికి తీసుకురా ఈ అమ్మాయిని" అందట అత్తయ్య. వెళ్లిన రెండో రాత్రే అమ్మ దిండు తీసేసి వెల్లకిలా పడుకుని నిద్రపోయిందట. నాన్న ఆ సంగతి ఎంతమందికి చెప్పేవారో! అప్పటినుంచి ప్రతి వేసవి సెలవులకీ మా ప్రయాణం అక్కడికే.

ఆ ప్రయాణం ఏర్పాట్లు వేరే తమాషా. పరుపుచుట్ట, మరచెంబు, అత్తయ్య కోసం అమ్మమ్మ పెట్టిన ఆవకాయ జాడీ. జాడీ మూతికి గుడ్డ కట్టి, దానిమీద ఇంకో గుడ్డ కట్టి, "దీన్ని పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకోవాలి" అనేది అమ్మమ్మ. ఎంత పసిబిడ్డలా చూసినా సరే, అది విశాఖపట్నం వచ్చేసరికి నాన్న తెల్లచొక్కా మీద తన గుర్తు వేసి తీరేది. అక్కడ పొద్దున్నే కొండమీదికి వెళ్లే పాసింజరు ఎక్కేవాళ్లం. కొండను తొలిచిన బొగదా రాగానే పెట్టెలో పిల్లలందరం ఒక్కసారిగా కేకలు పెట్టేవాళ్లం. నాన్న, క్లాసులో ఎవరైనా కిక్కురుమంటే బెత్తం తీసే మా నాన్న, ఆ చీకట్లో తనూ ఒక కేక పెట్టేవారు. వెలుగు రాగానే ఏమీ ఎరగనట్టు పేపరు చదువుకునేవారు. అమ్మ మొహం పక్కకు తిప్పుకుని నవ్వేది. పైకి వెళ్తున్నకొద్దీ గాలి మారేది. అమ్మ కిటికీ దగ్గర కూర్చుని కళ్లు మూసుకుని ఆ గాలిని పీల్చేది. బాగా ఆకలిగా ఉన్న మనిషి అన్నం తినడం చూశారా, అలా ఉండేది ఆ పీల్చడం.

అత్తయ్య క్వార్టరు రెండు గదుల పెంకుటిల్లు. వెనకాల వాలులో కాఫీ చెట్లు. వాటికి నీడనిచ్చే పొడుగాటి చెట్లను అల్లుకుని మిరియాల తీగలు. వానజల్లు పడితే కాఫీ పూలు విచ్చుకుని, వాలంతా మల్లెలు ఆరబోసినట్టు వాసన వచ్చేది. సంతరోజున కొండ మీది ఊళ్లనుంచి ఆడవాళ్లు వరసగా నడిచి వచ్చేవాళ్లు. తలమీద పనసకాయలు, అడ్డాకుల కట్టలు. అత్తయ్యను చూసి ఆగి, వాళ్ల భాషలో ఏదో అని నవ్వేవాళ్లు. అక్కడి అమ్మ, పేటలో అమ్మ కాదు. బిందె చంకనెత్తుకుని ఊటకు వెళ్లేది. మాతో పందెం వేసి వాలు ఎక్కేది. గొంతు ఎత్తి పాడేది. అమ్మకు అంత మంచి గొంతుందని మాకు అక్కడే తెలిసింది. పేటలో ఆదివారం చర్చిలో పెదాలు కదపడమేగానీ పాట పూర్తి చేసేంత ఊపిరి ఉండేది కాదు.

నాకు పన్నెండో ఏడు నడుస్తున్నప్పుడు, ఆ ఏడు పేటలో అమ్మకు మరీ కష్టమయింది. సెలవులైపోయి మేం బయల్దేరాల్సిన రోజు వచ్చింది. అత్తయ్య నాన్నతో, "ఈసారి దీన్ని నా దగ్గరే ఉండనీరా. క్రిస్మస్‌కి నేనే తీసుకొస్తా" అంది. నాన్న అమ్మ వైపు చూశారు. అమ్మ మా ఇద్దరి వైపు చూసింది. ఆ చూపు నేను ఇప్పటికీ మర్చిపోలేదు. "ఉంటానండీ" అంది. స్టేషనుకు వచ్చి, కదులుతున్న రైలు పక్కన నాలుగడుగులు నడిచి, "ఏడవకండిరా. కాస్త ఊపిరి పీల్చుకుని వచ్చేస్తా" అంది. తమ్ముడు ఏడుపు ఆపలేదు. ఆ రోజు బొగదాల్లో మా పెట్టెలో ఎవరెవరో పిల్లలు కేకలు పెట్టారు. మేం పెట్టలేదు.

దసరా సెలవులకు వెళ్తే అమ్మ ఒళ్లు చేసి ఉంది. బుగ్గలు నిండాయి. ఆసుపత్రికి వచ్చే బాలింతలకు అంబలి కాచి ఇవ్వడం నేర్చుకుంది. "క్రిస్మస్‌కి వచ్చాక ఇక పేటలోనూ బాగుంటానే, చూడు" అంది నాతో. నేను నమ్మాను. అందరం నమ్మాం.

నవంబరులో కొండమీద చలి ముదిరింది. వారం రోజులు ముసురు పట్టింది. అమ్మకు జ్వరం తగిలి, ఊపిరితిత్తులకు నెమ్ము చేసింది. అత్తయ్య తన చేతిలో ఉన్న వైద్యమంతా చేసింది. కిందికి దించుదామంటే ఘాట్ రోడ్డు మీదా, స్టేషను దారిలోనూ చెట్లు పడి జీపులు ఆగిపోయాయి. స్కూలుకు కబురొచ్చి నాన్న మమ్మల్ని ఉన్నపళాన రైలెక్కించారు. మేం వెళ్లేసరికి అమ్మ లేదు. ముసురు వెలిసింది. లోయంతా వలిసె పూలు విరగబూసి, ఎటు చూసినా పచ్చటి పసుపు. ఎండాకాలాలు వెళ్లేవాళ్లం, దసరాకు వెళ్లినప్పుడు అవింకా పూయలేదు. మేం ఆ పూలను చూడటం అదే మొదలు. తమ్ముడు వాటిని చూసి సంతోషపడ్డాడు. వాడికి ఏడేళ్లు. పాస్టరుగారు ప్రార్థన చేశారు. చర్చి వెనక వాలులో, సమాధుల తోటలో అమ్మను ఉంచి వచ్చేశాం.

అప్పటికి చందర్లపాడులో ఎవరి ఇంటా ఫోను లేదు. బయల్దేరేముందు నాన్న పంపిన మనిషి వెళ్లేసరికి అమ్మమ్మ పొరుగూరు కూలికి వెళ్లిందట. జబ్బు సంగతి ఆమెకు తెలిసేసరికి మేం తిరుగు రైల్లో ఉన్నాం. పేటలో మేం దిగేసరికి మా ఇంటి అరుగు మీద కూర్చుని ఉంది. నాన్న రిక్షా దిగారు, మేం దిగాం. అమ్మమ్మ లేచి రిక్షాలోకి తొంగిచూసింది. "నా పిల్లేది?" అంది. నాన్న రోడ్డు మీదే మోకాళ్ల మీద కూలబడిపోయారు. "చలికొండల్లో పెట్టి చంపుకున్నారు గదయ్యా! కడసారి మొగమన్నా చూపియ్యకపోతిరి!" అంది. ఆమె నాన్నతో మాట్లాడిన ఆఖరు మాట అదే, చాలా ఏళ్లపాటు.

అలాగని మమ్మల్ని వదిలి వెళ్లలేదు. చందర్లపాడులో ఇంటికి తాళం వేసి వచ్చి మా దగ్గరే ఉండిపోయింది. నాకు జడలు వేసింది, అన్నాలు వండింది, జ్వరాలకు రాత్రుళ్లు మేలుకుంది. నాన్నకూ వేళకు అన్నీ అమర్చేది. మాట మాత్రం లేదు. "మీ నాన్నని అన్నానికి రమ్మనవే" అనేది నాతో, నాన్న నాలుగడుగుల దూరంలో కూర్చుని ఉండగా. నాన్న కూడా నావైపు చూసి, "వస్తున్నానని చెప్పమ్మా" అనేవారు. ఒకసారి తమ్ముడు నవ్వాడు. ఇద్దరూ కలిసి వాణ్ణి కసురుకున్నారు. ఆ విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకే మాట. తర్వాత నాన్నకు నందిగామ బదిలీ అయితే మాతోపాటే నందిగామకూ వచ్చింది. ఆ ఇంట్లో వేసవి సెలవులంటే ఎవరికీ ఏమీ లేదు. కొండల మాట ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. మే నెల మధ్యాహ్నాలు తడిగుడ్డ మొహాన కప్పుకుని పడుకుని, ఆ కాఫీ పూల వాసన గుర్తు తెచ్చుకోవాలని చూసేదాన్ని. ఒక్కోసారి వచ్చేది. వచ్చిందో, వచ్చిందనుకున్నానో.

నేను ఇంటర్ పరీక్షలు రాసిన వేసవిలో అత్తయ్య చెప్పాపెట్టకుండా దిగింది. చేతిసంచి గుమ్మంలో పెట్టి తిన్నగా వంటింట్లోకి వెళ్లి అమ్మమ్మ ఎదురుగా నేలమీద కూర్చుంది. "అత్తా, తిట్టాలంటే నన్ను తిట్టు. ఉంచమన్నది నేను. వాడు కాదు" అంది. అమ్మమ్మ వంకాయలు తరుగుతోంది. తల ఎత్తలేదు. అత్తయ్య లేవలేదు. కూర్చుని చెబుతూ పోయింది. అమ్మ ఆ ఆరు నెలలు ఎలా ఉందో, ఏం తిన్నదో, సంతలో ఎవరితో స్నేహం చేసిందో, చర్చిలో ఏ పాట పాడితే జనం వెనక్కి తిరిగి చూశారో. కత్తిపీట ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు. "పాడిందా?" అంది అమ్మమ్మ. "పాడింది." "మొత్తం పాడిందా?" "మొత్తం పాడిందత్తా. ఎక్కడా ఆగలా." అమ్మమ్మ కత్తిపీట పక్కకు జరిపి, "నేను చూడాల. నా పిల్ల ఉన్న చోటు నేను చూడాల" అంది.

విజయవాడ దాటి ఎరగని అమ్మమ్మను తీసుకుని మేమంతా బయల్దేరాం. బొగదాల్లో ఆమె నా చెయ్యి నలిగేలా పట్టుకుని ప్రభువును తలుచుకుంటూనే ఉంది. ఆ పెట్టెలో నాన్న ఒక చివర, అమ్మమ్మ ఒక చివర. ఊరు చేరాక కాళ్లు కూడా కడుక్కోకుండా సమాధుల తోటకు నడిచింది. అత్తయ్య చుట్టూ రాళ్లు పేర్చి, శుభ్రంగా ఉంచింది. అమ్మమ్మ పక్కన చతికిలబడి, చేలో చూసినట్టు మట్టి కాస్త పిడికిట్లోకి తీసుకుని నలిపి చూసింది. "మెత్తని నేల" అంది తనలో తను. వాలు మీదినుంచి గాలి వచ్చింది. మే నెల. మా ఊళ్లో ఆ వేళకు రోడ్డు మీద కుక్క కూడా తిరగదు. అమ్మమ్మ కొంగు సర్దుకుని ఆ గాలి పీల్చింది. ఇంకోసారి పీల్చింది. "ఇక్కడ ఊపిరాడుద్దే" అంది నాతో. అని, అప్పుడు ఏడ్చింది. మేం ఇన్నేళ్లలో ఎన్నడూ చూడని ఏడుపు.

నాన్న దూరంగా గేటు దగ్గరే నేలమీద కూర్చుండిపోయారు, దగ్గరికి రావడానికి ధైర్యం చాలక. పొద్దు వాలేవేళకు అమ్మమ్మ లేచి, నా భుజం ఆసరా చేసుకుని గేటు దాకా నడిచింది. ఆయన ఎదురుగా నిలబడింది. నేను ఏదో చెప్పమంటుందేమోనని ఆమె మొహంలోకి చూశాను. ఆమె నన్ను చూడలేదు.

"లే అయ్యా. పొద్దుటినుంచి నువ్వేమీ తిన్లా" అంది.

నాన్న ఆమె పాదాలు రెండు చేతులా పట్టుకున్నారు. అత్తయ్య గబగబా ఇంటివైపు నడిచింది, అన్నం వండటానికో, మా ముందు ఏడవకుండా ఉండటానికో.

ఇప్పుడు వాళ్లెవరూ లేరు. అమ్మమ్మ చందర్లపాడులో, నాన్న నందిగామలో. అత్తయ్య తను అడిగినట్టే అమ్మ పక్కన. ఆ తర్వాత కొన్నిసార్లు వెళ్లాం. ఉద్యోగాలు, పిల్లలు, ఆపరేషన్లు, ఏదో ఒకటి అడ్డమొచ్చి మానేశాం. ఈ మధ్య అక్కడ హోటళ్లు బాగా లేచాయని, సెలవుల్లో కార్లు బారులు తీరుతాయని విన్నాను. హైదరాబాదులో ఉన్న తమ్ముడు "ఈ వేసవికి వెళ్దామక్కా" అంటాడు. నేనూ సరేనంటాను. నా మోకాళ్లకు ఆ వాలు ఎక్కడం కష్టమని వాడికీ తెలుసు, నాకూ తెలుసు.

లెక్కకు చూస్తే ఆ సెలవులన్నీ కలిపి నిండా ఒక ఏడాది కూడా కావు. మిగిలిన బతుకంతా ఈ ఎండలోనే, ఈ నందిగామలోనే గడిచింది. పాఠాలు చెప్పాను, రిటైరయ్యాను, ఇల్లు కట్టుకున్నాను. ఆ ఏళ్లలో చాలావాటి గురించి ఎవరైనా అడిగితే తడుముకుంటాను. ఆ కొద్ది రోజుల్లో మాత్రం ఏ పూట ఏం వండారో, అమ్మ ఏ చీర కట్టుకుందో చెప్పగలను. కాలం అందరికీ ఒకేలా గడుస్తుందంటారుగానీ, నాకు మాత్రం చాలాభాగం గడిచిపోయింది, కొంచెం మాత్రం గడవకుండా అలా ఉండిపోయింది.